ఎలుక మీద కోపంతో: ఎలుకల మందు మన వంటింట్లోకి ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ నెల రోజులు లేటు. ఏమైపోయావు అని చాలామంది అడిగారు. ఏమైపోయానంటే, పొద్దునా సాయంత్రం మా కుక్కకి మాత్రలు మింగిస్తూ కూర్చున్నాను. వాడి పేరు జున్ను. పెరుగన్నంలో మాత్ర దాచి పెడితే, అన్నమంతా శుభ్రంగా తిని మాత్రని మాత్రం గిన్నె పక్కన పెట్టే రకం. తప్పు వాడిది కాదు, నాదే. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ మొదలుపెట్టలేను.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ మూడో అంతస్తు. మూడో అంతస్తుకి ఎలుక ఎందుకొస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు రాత్రి రెండింటికి రెండర్ పెట్టి నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్తే, గ్యాస్ పొయ్యి వెనక నుంచి చిట్టెలుక ఒకటి తుర్రుమంది. ఆ వారమే మా అక్క వస్తోంది, పద్నాలుగు నెలల పాపతో. పాప అంటే పాకడం, దొరికింది నోట్లో పెట్టుకోవడం, అంతే. పాప వచ్చేలోపు ఎలుక పోవాలి అన్నదొక్కటే బుర్రలో ఉంది. కింద కిరాణా కొట్లో ఎలుకల కేక్ ఒకటి కొన్నాను. నీలం రంగు ముక్క. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ కింద పెట్టి, పని అయిపోయినట్టే పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే జున్నుగాడి మూతి నీలంగా ఉంది.

తోక ఊపుతున్నాడు. ఉరుకుతున్నాడు. బంతి తెచ్చి కాళ్ళ దగ్గర పడేస్తున్నాడు. బాగానే ఉన్నాడు కదా, ఏమీ కాలేదులే అని ఒక ఐదు నిమిషాలు నిజంగా అనుకున్నాను. తర్వాత భయమేసి ఆటోలో వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను, ఆ కేక్ కవరు కూడా పట్టుకుని. డాక్టర్ గారు కవరు తిప్పి చూశారు. బ్రోమాడయోలోన్, 0.005 శాతం. "ఇవాళ బాగానే ఉంటాడు. రేపు కూడా బాగానే ఉంటాడు. దీంతో సమస్యే అది," అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. విషం తిన్నాక రెండు మూడు రోజులు ఏమీ తెలియకపోవడం లోపం కాదు. దాన్ని అలా పని చేయాలనే తయారుచేశారు. మా భాషలో చెప్పాలంటే అది బగ్ కాదు, ఫీచర్. ఆ ఫీచర్ ఎవరు ఎందుకు పెట్టారో వెతుక్కుంటూ వెళ్తే నెల రోజులు గడిచిపోయాయి.

ముందు మన అతిథి గురించి రెండు ముక్కలు. ఇంటి ఎలుక మనిషితో కాపురం పెట్టి ఈనాటిది కాదు. ఇజ్రాయెల్, జోర్డాన్ వైపు తవ్వకాల్లో దొరికిన పళ్ళని బట్టి చూస్తే, మనిషి వ్యవసాయం మొదలుపెట్టకముందే, సుమారు 15 వేల ఏళ్ళ కిందటే, చిట్టెలుక మన గుడిసెల్లో దూరింది. గింజలు పండించడం తర్వాత. గింజలు ఏరుకొచ్చి దాచుకోవడంతోనే అది వచ్చేసింది. ఎలుక వెనకాల పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం ఒకటి దొరికింది. అది దాదాపు 9,500 ఏళ్ళ నాటిది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఎలుకకి మనిషి కనిపెట్టిన మొదటి మందు, ఇంట్లో పెంచుకున్న జంతువే.

అన్నట్టు ఎలుకల విషయంలో తెలుగువాళ్ళం ఇంగ్లీషుకి ఒక మాట అప్పిచ్చాం, చాలామందికి తెలియదు. బ్యాండికూట్ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచే పోయింది. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అని ఒక జంతువుంది, దానికీ మన పందికొక్కుకీ చుట్టరికం ఏమీ లేదు, పేరు మాత్రం మనదే తగిలించుకుని తిరుగుతోంది. మా నాన్న మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా. పందికొక్కు అనే మాట మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు వినపడేది, ఎక్కువసార్లు నన్నుద్దేశించే.

సరే, విషం దగ్గరికొద్దాం.

1850ల్లో ఇంగ్లండు. ఎలుకల మందు అంటే అప్పుడు ఆర్సెనిక్. మన పెద్దవాళ్ళు పాషాణం అంటారే, అది. తెల్లటి పొడి, పంచదార పొడిలా, మైదాలా ఉంటుంది. వాసన రాదు, రుచి పెద్దగా తెలియదు. ఎలుకకి అనుమానం రాకుండా పిండిలో కలిపి పెట్టొచ్చు. అందుకే అంత గిరాకీ. కానీ ఎలుకకి తెలియనిది మనిషికి మాత్రం ఎలా తెలుస్తుంది? విషం పెట్టి చంపిన కేసులు ఎక్కువయ్యేసరికి 1851లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. ఆర్సెనిక్ కొన్నవాళ్ళ పేరు పుస్తకంలో రాయాలి, అమ్మేముందు దాంట్లో మసి గానీ నీలిమందు గానీ కలపాలి. చూడగానే తేడా తెలియాలని. జున్నుగాడి మూతికి అంటిన నీలం రంగు వెనక ఉన్న ఆలోచన అంత పాతది. చట్టంలో కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. హోల్‌సేల్ పీపాల్లో సరుకు తెల్లగానే ఉండేది.

1858 అక్టోబరు, బ్రాడ్‌ఫర్డ్ ఊరు. మిఠాయిలు చేసే జోసెఫ్ నీల్ అనే ఆయన పంచదార ఖరీదని అందులో డాఫ్ట్ అనే కల్తీ పొడి కలిపేవాడు. అంటే సున్నపు రాయి పొడిలాంటిది, జిప్సం. (కల్తీ మన కాలంలోనే పుట్టిందనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా.) ఆ పొడి తెమ్మని మూడు మైళ్ళ దూరంలోని మందుల షాపుకి మనిషిని పంపాడు. షాపు యజమానికి ఒంట్లో బాలేదు. అటక మీద మూల పీపాలో ఉంది, తీసివ్వు అని కొత్తగా చేరిన అసిస్టెంటుకి చెప్పాడు. ఆ కుర్రాడు తీసింది పక్క పీపా. 12 పౌన్ల ఆర్సెనిక్, అంటే ఐదున్నర కిలోలు. దాంతో 40 పౌన్ల పెప్పర్‌మెంట్ బిళ్ళలు తయారయ్యాయి. చేసినవాడికి బిళ్ళలు ఎప్పట్లా లేవని అనిపించింది. సంతలో అమ్మే విలియం హార్డేకర్‌కి కూడా రంగు తేడాగా కనిపించింది, ఆ వంక చూపించి ధర తగ్గించుకుని కొన్నాడు. శనివారం సాయంత్రం సంతలో అమ్మేశాడు. సుమారు 20 మంది చనిపోయారు, రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. మొదట చనిపోయినవాళ్ళు పిల్లలు. ముందు కలరా అనుకున్నారు. మిఠాయి సంగతి బయటపడ్డాక రాత్రంతా ఊళ్ళో గంట కొట్టుకుంటూ తిరిగి చాటింపు వేశారు. కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. పొరపాటు అన్నారు. పదేళ్ళకి, 1868లో, విషాల అమ్మకం మీద గట్టి ఫార్మసీ చట్టం వచ్చింది.

ఈ కథలో ఎలుక ఎక్కడా లేదు, గమనించారా? ఎలుక కోసం దాచిన విషం, ఎలుక లేకుండానే 20 మందిని చంపింది.

ఇక ముష్టి గింజల సంగతి చెప్పుకోవాలి. ముష్టి చెట్టు మన తూర్పు కనుమల అడవుల్లో బాగా ఉంటుంది. ఆ గింజల్లో ఉండే స్ట్రిక్నిన్‌ని ఎలుకల మీద, కుక్కల మీద ప్రపంచమంతా వాడారు. చేదు భరించలేనంత, చావు అంతకన్నా ఘోరం. దీని గురించి ఇంతకన్నా చెప్పను.

ఫాస్ఫరస్ గురించి మాత్రం చెప్పి తీరాలి. ఎందుకంటే అది ఇవాళ్టికీ మన కొట్లలో ఉంది.

1669లో హ్యాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేద్దామని మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి, చీకట్లో మెరిసే పదార్థం ఒకటి తీశాడు. అదే ఫాస్ఫరస్. పందొమ్మిదో శతాబ్దంలో దాంతో అగ్గిపుల్లలు చేశారు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలకి దవడ ఎముక కుళ్ళిపోయేది. దేశాలు కూర్చుని 1906లో బెర్న్ నగరంలో ఒప్పందం చేసుకున్నాయి, ఆ ఫాస్ఫరస్‌తో అగ్గిపుల్లలు చేయకూడదని. మన దేశంలో కూడా 1913లో చట్టం చేశారు. అంటే ఇప్పటికి వందేళ్ళు దాటింది, అగ్గిపుల్ల తలలో దాన్ని వాడటానికి వీల్లేదు. కానీ అదే పదార్థం ఎలుకల పేస్టు రూపంలో ట్యూబులో పెట్టి అమ్మారు. తెల్ల ఫాస్ఫరస్ అన్నా పసుపు ఫాస్ఫరస్ అన్నా ఒకటే. మన దగ్గర దొరికే పేస్టులో అది 3 శాతం. బ్రిటన్‌లో 1963లోనే ఇది మరీ క్రూరమైన విషం, ఎలుకల మీద కూడా వాడొద్దని ఆపేశారు.

ట్యూబు అన్నాను కదా. టూత్‌పేస్ట్ ట్యూబులా ఉంటుంది. పిల్లలు పొద్దున్నే నిద్రమత్తులో దాంతో పళ్ళు తోముకున్న వార్తలు పేపర్లో మీరూ చూసే ఉంటారు. దీని తీరు ఎలా ఉంటుందంటే, మొదట్లో కాస్త వాంతులు, కడుపునొప్పి. తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గిపోయినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు కాలేయం దెబ్బతింటుంది. విరుగుడు మందు లేదు. ప్రత్యేకంగా ఈ విషానికి పనిచేసే యాంటీడోట్ అంటూ ఏదీ లేదు. పక్కన తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టుని నిషేధించింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పేస్టు తిని చనిపోయేవాళ్ళలో పొరపాటున తిన్నవాళ్ళకన్నా కోపంలో, దుఃఖంలో తిన్నవాళ్ళే ఎక్కువ, అందులోనూ మన వయసువాళ్ళు. చెయ్యి చాపితే అందేచోట అలాంటి ట్యూబు ఉండటమే ఒక ప్రమాదం. మనసు అలా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే, టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు జున్నుగాడి విషం కథ. ఇది మాత్రం తీరిగ్గా చెప్తాను, నాకు బాగా నచ్చిన కథ.

1920ల్లో అమెరికా, కెనడా ఉత్తరాది పల్లెల్లో పశువులు వింతగా చనిపోవడం మొదలైంది. కొమ్ములు కోస్తే రక్తం ఆగదు. చిన్న దెబ్బ తగిలితే లోపల లోపలే రక్తం కారి పోతాయి. పశువైద్యులు వెతికి వెతికి కారణం మేతలో పట్టుకున్నారు. స్వీట్ క్లోవర్ అనే గడ్డి. తడిసి బూజు పట్టిన గడ్డి తిన్న పశువులకే ఈ జబ్బు. ఆ గడ్డి పారేయండి అన్నారు. కానీ అది ఆర్థిక మాంద్యం కాలం. పారేస్తే వేరే గడ్డి కొనే డబ్బులు రైతుల దగ్గర లేవు.

1933 ఫిబ్రవరి. విస్కాన్సిన్ రాష్ట్రం. ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు, మంచు తుఫానులో ట్రక్కు వేసుకుని 190 మైళ్ళు ప్రయాణం చేసి మ్యాడిసన్ వచ్చాడు. ట్రక్కులో చనిపోయిన పడ్డ ఒకటి, బూజు పట్టిన గడ్డి, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తం. శనివారం కావడంతో పశువైద్య ఆఫీసు మూసేసి ఉంది. తలుపు తెరిచి కనిపించిన చోటికి వెళ్ళాడు. అది యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ అనే బయోకెమిస్టు ల్యాబు. లింక్ ఏం చెప్పగలడు? ఆ గడ్డి పెట్టొద్దు, వీలైతే పశువులకి రక్తం ఎక్కించండి అన్నాడు. కార్ల్‌సన్ మళ్ళీ ఆ మంచులోనే 190 మైళ్ళు వెనక్కి పోయాడు, చేతిలో ఏ మందూ లేకుండా. ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆయన తిరుగు ప్రయాణమే. ఆయన పాలక్యాను మాత్రం ల్యాబులో ఉండిపోయింది.

ఆ రక్తం ఎందుకు గడ్డకట్టలేదో తేల్చడానికి లింక్ బృందానికి ఆరేళ్ళు పట్టింది. 1939లో ఆ పదార్థాన్ని శుద్ధంగా తీశారు. పేరు డైకుమరాల్. మన ఒంట్లో రక్తం గడ్డకట్టాలంటే విటమిన్ కె కావాలి. కాలేయం ఆ విటమిన్‌ని ఒకసారి వాడి, మళ్ళీ బాగుచేసుకుని, మళ్ళీ వాడుతుంది. ఈ పదార్థం ఆ బాగుచేసే యంత్రాన్ని ఆపేస్తుంది. అప్పటికే రక్తంలో ఉన్న సరుకు అయిపోయేదాకా ఏమీ తెలియదు. రెండు మూడు రోజుల తర్వాత, సరుకు అయిపోయాక మొదలవుతుంది రక్తస్రావం.

1945లో లింక్‌కి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి శానిటోరియంలో పడుకున్నాడు. పడుకుని ఏం చదివాడో తెలుసా? ఎలుకల నిర్మూలన చరిత్ర. అక్కడ తట్టింది ఆయనకి. పెద్ద ఎలుకల తెలివి మీకు తెలుసు కదా. కొత్త తిండి కనిపిస్తే ముందు కొంచెం కొరుకుతుంది, కడుపు నొప్పి వస్తే జన్మలో దాని జోలికి పోదు. ఆర్సెనిక్‌తో వచ్చిన చిక్కే అది. తిన్న వెంటనే ఏమీ కాకుండా, మూడు రోజుల తర్వాత ఏదైనా అయితే? తిన్న తిండికీ వచ్చిన జబ్బుకీ సంబంధం ఎలుకకి దొరకదు. అలా 150 దాకా రకాలు పరీక్షిస్తే 42వ నంబరు బాగా పనిచేసింది. 1948లో మార్కెట్లోకి వచ్చింది. పరిశోధనకి డబ్బులిచ్చిన విస్కాన్సిన్ అలుమ్ని రీసెర్చ్ ఫౌండేషన్ పేరులోని పొడి అక్షరాలతో దానికి వార్ఫరిన్ అని పేరు పెట్టారు.

డాక్టర్ గారు చెప్పిన "సమస్యే అది" అన్న మాటకి జవాబు ఇక్కడుంది. ఎలుకని మోసం చేయడానికి పెట్టిన ఆలస్యం, నన్ను కూడా మోసం చేసింది. తోక ఊపుతున్న కుక్కని చూసి ఏమీ కాలేదులే అనుకున్నానే, ఎలుక కూడా సరిగ్గా అలాగే అనుకుంటుంది. ఆర్సెనిక్‌కి వాసన లేకపోవడం, పేస్టుకి మధ్యలో తగ్గినట్టు ఉండటం, దీనికి ఆలస్యం. ఎలుక కళ్ళుగప్పడానికి పనికొచ్చే గుణం ఏదైనా సరే, ఇంట్లో ఉన్న తల్లి కళ్ళు కూడా గప్పుతుంది.

అయితే ఒక్క మేలు ఉంది. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె. అది రుజువైన తీరు కూడా విచిత్రమే. 1951లో అమెరికా సైన్యంలో చేరిన ఒకతను చనిపోదామని వార్ఫరిన్ ఎలుకల మందు రోజుల తరబడి తిన్నాడు. ఆస్పత్రిలో విటమిన్ కె ఇచ్చి, రక్తం ఎక్కిస్తే పూర్తిగా కోలుకున్నాడు. అప్పటిదాకా మనుషులకి దీన్ని మందుగా ఇవ్వడానికి భయపడ్డవాళ్ళు ధైర్యం చేశారు. 1954లో అనుమతి వచ్చింది. 1955లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే ఆయనకీ ఇచ్చారు. ఇవాళ మన ఊళ్ళల్లో గుండె కవాటం మార్పించుకున్న పెద్దవాళ్ళు ఎంతమందో రక్తం పలచగా ఉండటానికి ఈ మాత్రో, దీని చుట్టం మాత్రో వేసుకుంటున్నారు. డాక్టర్లు తోటకూర, పాలకూర ఒకరోజు మానేసి ఒకరోజు కుప్పలుగా తినొద్దు, ఒకే కొలతలో తినండి అని చెప్పేది ఎందుకంటే ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి. మా అమ్మమ్మ నాలుగేళ్ళుగా వేసుకుంటోంది. అది ఎలుకల మందు కుటుంబమేనని ఇంకా ఆమెకి చెప్పలేదు. ఈ ఎపిసోడ్ ఎవరూ చూపించకండి, ప్లీజ్.

వార్ఫరిన్ దగ్గరే కథ ఆగి ఉంటే జున్నుకి నెల రోజులు మాత్రలు అక్కర్లేకపోయేది. వార్ఫరిన్ ఎలుకని చంపాలంటే అది రోజుల తరబడి తినాలి. కుక్క ఒక్కసారి కొరికితే ఎక్కువసార్లు బయటపడుతుంది. కానీ 1958లో స్కాట్లండులో ఒక పొలంలో ఎలుకలు వార్ఫరిన్ తిని హాయిగా తిరుగుతున్నాయని తేలింది. ఎలుకలు అప్‌డేట్ వేసుకున్నాయన్నమాట. తర్వాత యూరప్ చిట్టెలుకలైతే ఇంకా ముందుకి పోయాయి. అల్జీరియా వైపు ఉండే వేరే జాతి చిట్టెలుకలతో కలిసి, వాటి దగ్గర్నుంచి ఈ విషాన్ని తట్టుకునే జన్యువు తెచ్చుకున్నాయని 2011లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వేరే జాతి కోడ్ కాపీ కొట్టి పాసయ్యాయి. ఇంజినీరింగ్‌లో మా బ్యాచ్ గుర్తొచ్చింది.

దీనికి మనిషి ఏం చేశాడు? విషం పెంచాడు. 1970ల్లో రెండో తరం వచ్చింది, డైఫెనాకూమ్, బ్రోడిఫాకూమ్ లాంటివి. జున్ను తిన్న బ్రోమాడయోలోన్ కూడా ఆ కోవలోదే. వీటికి ఒక్కసారి తింటే చాలు. పైగా కాలేయంలో పట్టుకుని నెలల తరబడి వదలవు. అందుకే విరుగుడు మాత్ర ఒకరోజు ఇచ్చి ఆపేస్తే చాలదు, విషం పోయేదాకా వారాల పాటు ఇస్తూనే ఉండాలి. విషం తిన్న ఎలుక చచ్చేలోపు రెండు మూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని పట్టడం తేలిక. ఎవరు పడతారు? పిల్లి, గుడ్లగూబ, గద్ద. విషం వాటిలోకి పోతుంది. 9,500 ఏళ్ళ కిందటి మన మొదటి మందు గుర్తుందా, సైప్రస్ పిల్లి? దాన్నే చంపుతున్నాం.

అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు ఎలుకల మందు నోట్లో పెట్టుకున్నారని విష సమాచార కేంద్రాలకి ఏటా 10 వేలకి పైగా ఫోన్లు వచ్చేవి. ఎక్కువమందికి ప్రాణాపాయం ఉండదు, తక్కువ తింటారు కాబట్టి. కానీ ఫోన్ చేసే తల్లి గుండెకి ఆ లెక్క తెలియదు కదా. 2008లో అక్కడి పర్యావరణ సంస్థ ఒక నిర్ణయం తీసుకుంది. ఇళ్ళలో వాడేవాళ్ళకి రెండో తరం విషాలు అమ్మకూడదు, ఏ మందైనా పిల్లల చెయ్యి, కుక్క మూతి దూరని గట్టి పెట్టెలో పెట్టే అమ్మాలి. ఒక పెద్ద కంపెనీ కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2014లో ఆ సరుకు తయారీ ఆపడానికి ఒప్పుకుంది. గమనించండి, ఇన్నేళ్ళ కెమిస్ట్రీ తర్వాత పిల్లల కోసం తెచ్చిన మార్పు ఏమిటంటే, ఒక డబ్బా. నేను కొన్న కేక్‌కి అది కూడా లేదు. ప్లాస్టిక్ కవరు, అంతే.

ఇంకొకటి చెప్పకుండా ముందుకి పోలేను. నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్, ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. ఇవి తేమ, కడుపులో ఆమ్లం తగిలితే ఫాస్ఫిన్ వాయువు వదులుతాయి. బిళ్ళలైతే తినక్కర్లేదు, ఆ గాలి పీలిస్తే చాలు. దానికీ విరుగుడు లేదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఒక ఇంట్లో ఎలుకల మందు పెట్టించుకున్నారు. రాత్రి ఏసీ వేసుకుని తలుపులు మూసి పడుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు పోయారు, తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు. మిల్లులో ఈ బిళ్ళలు వాడిన రోజు నాన్న మమ్మల్ని ఆ ఛాయలకి కూడా రానిచ్చేవారు కాదు. ఇంట్లో మనుషులు పడుకునే చోట వీటికి పనే లేదు. ఎవరైనా పెడతానంటే గుమ్మం బయటినుంచే పంపించేయండి.

అక్కకి ఫోన్ చేసి జున్ను సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది పాప నోట్లో పెట్టుకుని ఉంటేరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ పని" అని తిట్టి, వారం ఆగి వస్తానంది. పక్కనుంచి బావ, జిగురు అట్టలు పెట్టమని సలహా. వద్దన్నాను. ఎలుక దాని మీద గంటల తరబడి బతికే గిలగిలా కొట్టుకుంటుంది. పాప అరచేయి అతుక్కున్నా, జున్ను పంజా అతుక్కున్నా వదిలించడం నరకం. ఇంగ్లండులో 2022లో చట్టం చేసి మామూలు జనం వాడకుండా ఆపారు. స్ప్రింగు ఎలుకబోను, టప్‌మని మెడ మీద పడేది, 1894లో అమెరికాలో విలియం హుకర్ పేటెంటు తీసుకున్న రకం, చంపడంలో వీటన్నిటికన్నా నయం. కానీ వేలు పడే సైజు పాప ఇంట్లో బయట పెట్టలేను.

ఆ వారం నేను చేసిన పని వినడానికి చాలా చప్పగా ఉంటుంది. అర్ధరాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చితో నేల మీద పడుకుని గోడలు చూశాను. చిట్టెలుకకి పెన్సిలు పట్టేంత సందు, ఆరేడు మిల్లీమీటర్లు, ఉంటే చాలు. మా ఇంట్లో అలాంటివి ఐదు దొరికాయి. సింకు కింద పైపు గోడలోకి పోయేచోట, వాషింగ్ మెషీన్ నీళ్ళు పోయే రంధ్రం, ఏసీ పైపు చుట్టూ, గ్యాస్ పైపు దగ్గర, బాల్కనీ తలుపు కింద. మూడేళ్ళ నుంచి అద్దె కడుతున్నాను, ఒక్కటీ చూడలేదు. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన తెల్ల సిమెంటు పూశాను. స్టీలు పీచుని అది కొరకలేదు. నీళ్ళ రంధ్రానికి సన్న జాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ. మొత్తం ఖర్చు ఆటో చార్జీలతో కలిపి వెయ్యి లోపే. జున్నుగాడి గిన్నెలో రాత్రిపూట అన్నం మిగల్చడం మానేశాను. మన ఎలుకకి అసలు హోటల్ అదేనని తర్వాత అర్థమైంది. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి పోయాయి. అక్కడక్కడా కనిపించిన ఎలుక పెంటికల్ని పొడి చీపురుతో ఊడవకుండా, బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, గ్లౌజులు వేసుకుని తుడిచాను. పాప పాకే నేల కదా.

లోపల ఉండిపోయినదాని కోసం నాన్న మిర్యాలగూడ నుంచి బస్సులో పాత ఇనుప బోను పంపించారు, కింద చెక్క ఉన్నది. "ఎండుకొబ్బరి ముక్క మంట మీద కాల్చి కట్టు, పచ్చిది పెట్టకు" అని ఫోన్లో ఆర్డరు. ఫ్రిజ్ వెనక, గోడ వెంబడే పెట్టాను. చిట్టెలుక గోడ వార నడుస్తుంది, గది మధ్యకి రాదు. నాలుగు రాత్రులు ఏమీ లేదు. ఐదో రాత్రి టక్‌మంది.

ఒకవేళ మీ ఇంట్లో నాలాగే జరిగిపోతే, ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి. పిల్లలైనా, కుక్కయినా, పిల్లయినా, బాగానే ఉన్నారు కదా అని ఆగొద్దు. ఉప్పునీళ్ళు పట్టించి కక్కించడానికి ప్రయత్నించొద్దు. పాలు పట్టొద్దు, పసుపు ఫాస్ఫరస్ లాంటిదైతే కొవ్వు దాన్ని ఇంకా త్వరగా ఒంట్లోకి లాగుతుంది. మందు కవరు చేతిలో పట్టుకుని నేరుగా ఆస్పత్రికి, 108కి ఫోన్ చేసి. విషం పేరు తెలిస్తేనే డాక్టరుకి దారి తెలుస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ 24 గంటలూ పనిచేస్తుంది, మీ డాక్టరు కూడా వాళ్ళని అడగొచ్చు.

మాత్రలు ఆపిన రెండు రోజులకి, మొన్న శనివారం, జున్నుకి మళ్ళీ రక్తపరీక్ష చేశారు. గడ్డకట్టే సమయం మామూలుగానే ఉంది. వెన్నముద్దలో దాచిన మాత్రలకి అలవాటుపడి ఇప్పుడు మాత్ర లేకపోయినా రాత్రి ఎనిమిదింటికి వెన్న కోసం ఫ్రిజ్ ముందు కూర్చుంటున్నాడు. బోనులో పడ్డదాన్ని పొద్దున్నే కాలనీ చివర ఖాళీ స్థలంలో వదిలాను. అది పొదల్లోకి పోకుండా ఒక్క క్షణం ఆగి, మా బిల్డింగు వైపే చూసింది. నేనూ వెంటనే ఇంటికొచ్చి బాల్కనీ తలుపు కింద పట్టీ సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

అక్క, పాప రేపు పొద్దున బస్సు దిగుతున్నారు. ఇల్లు సర్దాలి. ఉంటానండీ.